మాటకు ఆవాహన, మాటకు ఉద్వాసన

చందా అంటే మనిషి తన వంతుగా ఇచ్చేది. గ్రంథాలయానికి చందా, జాతరకు చందా, పత్రికకు చందా. ఏడాది డబ్బు ముందే కట్టి పత్రిక తెప్పించుకునేవాడు చందాదారు. ఈమెయిల్ వచ్చాక ఆ పేరు ఒక జాబితాలో తమ చిరునామా రాయించుకున్నవారికీ వచ్చింది. వీళ్లలో చాలామంది పైసా కట్టరు. అయినా ఆ పేరు వీళ్లకు తగినదే. చిరునామా ఇచ్చిన మనిషి 'నీ మాట మా ఇంటికి రావచ్చు, వింటాను' అని ఒప్పుకున్నాడు. రోజులో తనకు దొరికే కొద్దిపాటి తీరికలోంచి కొంత తీసి ఎదుటివారి చేతిలో పెట్టాడు. అది పుచ్చుకున్నవారు అతనికి ఏం బాకీపడతారు? వ్యాపార పాఠ్యపుస్తకాలు ఈ ప్రశ్నను మెళకువల కింద జమకడతాయి: ఏ వారం పంపాలి, సబ్జెక్ట్ లైన్ ఎంత పొడవుండాలి, పేరు పెట్టి పలకరించాలా వద్దా. మెళకువలు పనికొచ్చేవే. వాటి అడుగున ఉన్నది మాత్రం మాట ధర్మానికి చెందిన ప్రశ్న, మన దేశపు చింతనలో చాలా పాతది.

దాన్ని దోర్నపాల్‌లో నిలబెట్టి చూస్తే బాగా తేటపడుతుంది. దోర్నపాల్ ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, సుక్మా జిల్లాలో, సుక్మాకూ కుంటకూ మధ్య 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న చిన్న పట్టణం. పక్కనే శబరి నది, ఆవలి గట్టు ఒడిశా. రహదారి పట్టుకుని దక్షిణానికి వస్తే కుంట దాటగానే ఆంధ్రప్రదేశ్, ఇంకా కిందికి భద్రాచలం. దోర్నపాల్ నుంచి పడమటికి చీలే దారి చింతల్‌నార్ మీదుగా జేగురుగొండకు పోతుంది. ఇక్కడి దోర్లల మాటలో గోండికి తెలుగు కలిసి ఉంటుంది. సంతకు వస్తే హల్బీ, ఒడియా, హిందీ కూడా చెవిన పడతాయి. ఈమెయిల్ తెరిచి చూసుకునేవారు ఇక్కడ కొద్దిమందే. కానీ పిలవకుండా వచ్చి వినమనే మాట మనుషుల మీద ఎంత బరువు వేయగలదో ఈ దారి పక్క ఊళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

2005 జూన్‌లో ఈ ఊళ్లున్న బస్తర్ ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన ఆ ఉద్యమ కాలంలో అడవి ఊళ్ల జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. పెద్ద శిబిరాల్లో దోర్నపాల్ ఒకటి. వేలాది మంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. తెలుగు నేల మీద వాళ్లకు గొత్తికోయలన్న పేరు స్థిరపడింది. ఆ ఉద్యమం పేరే ఒక సందేశం. బయటి ప్రపంచానికి దాన్ని శాంతి యాత్ర అని చెప్పారు. గోండిలో జుడుం అంటే పదిమంది కలిసి చేసే వేట. 'శుద్ధి వేట' అన్నదే అసలు అర్థానికి దగ్గరని ఆ ప్రాంతంలో పనిచేసిన పరిశోధకులు రాశారు. ఒకే పేరు పట్నంలో ఒకలా, ఊళ్లో ఇంకోలా వినిపించింది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తేలింది. ఇంకో పక్క అదే దారుల్లో మావోయిస్టుల కరపత్రాలు, చెట్లకు కట్టిన బ్యానర్లు. ఇటువైపు మాటకు గానీ అటువైపు మాటకు గానీ ఏ ఊరూ చందా కట్టలేదు. వినకపోతే ఏమవుతుందో తెలుసు గనుక విన్నారు.

వద్దనగలిగిన మనిషి సరేనంటేనే అది ఒప్పుకోలు. ఈ ఒక్క సూత్రాన్ని పట్నాల్లో నడిచే చిన్న చిన్న వ్యవహారాలకు తెచ్చి చూడవచ్చు. ఫోన్ నంబరు చెప్పనిదే బిల్లు రాదన్నట్టు అడిగే దుకాణం, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి, పుస్తకం ఉచితమని చెప్పి చిరునామా తీసుకుని ఏడాది పొడవునా వేరే సరుకు గురించి రాసే కంపెనీ. తుపాకీ నీడన పుట్టిన మౌనాన్నీ బిల్లు కౌంటర్ దగ్గరి మొహమాటాన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఒకటి ప్రాణాలతో పని, రెండోది చిరాకుతో పని. అయినా రెండో చోట కూడా 'సరే' అన్న మాట మనిషి లోపలి నుంచి రాలేదు. అలా చేరిన పేర్లు జాబితాను పొడిగిస్తాయి గానీ సంబంధాన్ని పుట్టించవు.

ఇష్టపడి అందుకున్న మాట ఎలా ఉంటుందో బస్తర్ చరిత్రలోనే కనిపిస్తుంది. 1910లో బ్రిటిష్ అటవీ నిబంధనలకు వ్యతిరేకంగా లేచిన భూమ్‌కాల్ తిరుగుబాటుకు ముందు మామిడి కొమ్మలు, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి నడిచాయి. నేతానార్ గ్రామానికి చెందిన గుండా ధుర్ పేరు ఆ తిరుగుబాటుతో ముడిపడి ఉంది. కొమ్మ అందుకున్న ప్రతి ఊరూ ఖర్చులకు తన వంతు ఇచ్చింది. చందా అన్న మాటకు ఇంతకంటే నిండైన అర్థం దొరకదు: సందేశం పుచ్చుకోవడం, అందులో తన పాలు వేయడం ఒకే పనిగా జరిగాయి. చదువు రానివారికీ అర్థమయ్యే వస్తువులే అక్షరాలయ్యాయి. పంపినవారు తమకు వచ్చిన భాషలో పంపలేదు, అందుకునేవారికి తెలిసిన భాషలో పంపారు.

సరిగ్గా నూరేళ్లకు, 2010లో, మధ్య భారతపు ఆదివాసీ ప్రాంతాల కోసం సీజీనెట్ స్వర అనే వాణి సేవ మొదలైంది. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి దాన్ని నెలకొల్పారు. సాంకేతిక సాయం మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా నుంచి అందింది. పద్ధతి తేలిక. మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే కాసేపటికి అటు నుంచి ఫోన్ వస్తుంది. ఒక మీట నొక్కితే తన మాట రికార్డు చేయవచ్చు, ఇంకో మీట నొక్కితే ఇతరుల మాటలు వినవచ్చు. చేతిపంపు పాడైందని, పింఛను రాలేదని, బడికి పంతులు రావడం లేదని జనం గోండిలో, హిందీలో చెప్పుకున్నారు. పాటలూ పాడారు. రికార్డయిన మాటను శిక్షణ పొందినవారు విని, సరిచూసి, తర్వాత అందరికీ వినిపించేవారు. ఇంటర్నెట్ అక్కర్లేదు, చదవడం రాయడం అక్కర్లేదు.

మిస్డ్ కాల్ దగ్గర కాస్త ఆగాలి. ఒక్క పైసా ఖర్చు లేకుండా ఒక మనిషి 'నాకు ఫోన్ చెయ్యి, వింటాను, నాకూ చెప్పేది ఉంది' అనడానికి భారతదేశపు పేదలు కనిపెట్టుకున్న భాష అది. ఒకటి రెండు సార్లు మోగి ఆగిపోయే ఆ మోతలో ఒప్పుకోలు పూర్తిగా ఉంది. అవతలివారు వెంటనే తిరిగి పిలుస్తారన్న నమ్మకం కూడా ఉంది. పిలవకపోతే రెండోసారి మోగదు. ఈమెయిల్ జాబితాలో చేరేటప్పుడు నొక్కే బటన్‌కు ఇది చెల్లెలి వరస. తేడా ఒక్కచోటే ఉంది: మిస్డ్ కాల్ ఇచ్చినవాడికి మాట్లాడే వంతు వస్తుంది. కంపెనీల ఈమెయిళ్లు చాలామటుకు జవాబు రాయవద్దని చిరునామాలోనే చెప్పే పెట్టె నుంచి వస్తాయి. పేరు పెట్టి ఆప్యాయంగా పలకరించి, తిరిగి పలికితే వినడానికి ఎవరూ లేని ఏర్పాటు అది. ఎదుటివారు నోరు తెరిచే వీలు లేని చోట సంబంధం అన్న మాట వాడకూడదు. దాన్ని చాటింపు అనవచ్చు. దండోరా వేసే తలారి కూడా ఊళ్లోవాళ్లు ఆపి అడిగితే నిలబడి బదులు చెప్పేవాడు.

పిలవని ఈమెయిల్ చరిత్ర 1978 మే 3న మొదలవుతుంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే గ్యారీ థ్యూర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శన గురించి, ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అయిన అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి సందేశం పంపాడు. మందలింపులు వచ్చాయి; అమ్మకాలూ బాగా జరిగాయని అతనే తర్వాత చెప్పుకున్నాడు. ఈ రెండు ఫలితాలూ ఈనాటికీ జంటగానే నడుస్తున్నాయి. 1999లో సేథ్ గాడిన్ అనే అమెరికన్ రచయిత అనుమతి తీసుకుని చేసే మార్కెటింగ్ అన్న ఆలోచనను పుస్తకంగా రాశాక, అడగకుండా పంపడం మొరటుతనమన్న అభిప్రాయం వ్యాపార లోకంలోనూ నిలబడింది. కాని అనుమతి దొరికాక ఏమిటన్నదాన్ని వ్యాపార లోకం అంతగా పట్టించుకోలేదు. అనుమతిని ఆస్తిలా దాచుకోవడం అలవాటైంది. జాబితాలను అమ్మేవారు, కొనేవారు తయారయ్యారు. ఒకరికి ఇచ్చిన ఒప్పుకోలు మరొకరి చేతికి మారితే అది ఒప్పుకోలుగా మిగలదు. సుక్మాలో ఒక ఇంటికి పిలిచిన చుట్టం తన బదులు దారిన పోయేవారిని పంపితే ఆ ఇల్లు వాళ్లకు పీట వేయదు.

అనుమతి దొరికిన మాట దేనివల్ల నమ్మదగినది అవుతుందన్న ప్రశ్నను న్యాయదర్శనం నేరుగా పట్టుకుంది. గౌతముడి న్యాయసూత్రాలు శబ్దప్రమాణాన్ని, అంటే జ్ఞానానికి ఆధారమయ్యే మాటను, ఆప్తుడి ఉపదేశంగా నిర్వచించాయి. ఆప్తుడెవరో వాత్స్యాయనుడు భాష్యంలో విప్పి చెప్పాడు. విషయాన్ని తానే ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్టే తెలపాలన్న కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని కూడా అక్కడే అన్నాడు. ఆ ఒక్క మాటతో నమ్మకం కులం నుంచీ పాండిత్యం నుంచీ విడిపోయింది. జేగురుగొండ దారిలో ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో ఆ విషయంలో దోర్ల రైతే ఆప్తుడు. రాజధానిలోని పండితుడు అతని దగ్గర వినాలి.

మరోచోట వాత్స్యాయనుడు ఆప్తుల మాట ప్రమాణం కావడానికి మూడు కారణాలు చెప్పాడు: విషయం సాక్షాత్తుగా తెలిసి ఉండటం, ప్రాణుల మీద దయ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న ఇచ్ఛ. నడుమ ఉన్న దయ అనుకోకుండా వచ్చి కూర్చున్నది కాదు. తెలిసినవాడు దయ లేకపోతే చెప్పకుండా దాచుకోవచ్చు, లేదా తనకు లాభమున్నంత మేరకే చెప్పవచ్చు. ఈ చోటే సూత్రకారుడు ఆయుర్వేదాన్ని దృష్టాంతంగా తెచ్చాడు. వైద్యుడు చెప్పిన మందు వేసుకుంటే జబ్బు తగ్గింది. కంటికి కనిపించిన ఆ భాగం నిజమైంది గనుక కనిపించని భాగంలోనూ అదే నోటిని నమ్ముతారు. నమ్మకం ఎలా పెరుగుతుందో దీనికంటే చక్కగా ఏ మార్కెటింగ్ పుస్తకమూ చెప్పలేదు. జాబితాలో చేరిన మనిషికి వెళ్లే మొదటి ఉత్తరం వైద్యుడి మొదటి మందు లాంటిది. నెలకు రెండు ఉత్తరాలు రాస్తామని చెప్పి రెండే రాస్తే, ధరల సంగతి రాస్తామని చెప్పి ధరల సంగతే రాస్తే, పరీక్షకు నిలిచింది. వారానికి నాలుగు వస్తే ఆ తర్వాత అందులో ఉన్న నిజం కూడా అబద్ధంతో పాటు చెత్తబుట్టకు పోతుంది.

నిజం చెబితే చాలా అంటే, చాలదు. పాలి భాషలోని మజ్ఝిమ నికాయంలో అభయరాజకుమార సుత్తం అన్న సంభాషణ ఉంది. అందులో బుద్ధుడు మాటలను మూడు కొలతలతో తూస్తాడు: నిజమా, మేలు చేసేదా, వినడానికి ఇంపుగా ఉంటుందా. నిజమే అయినా మేలు లేని మాట ఇంపుగా ఉన్నా ఆయన పలకడు. నిజమై, మేలు చేసేదైతే, కష్టంగా ఉన్నా ఇంపుగా ఉన్నా, దానికి తగిన సమయం చూసి పలుకుతాడు. చివరి షరతు ఆలోచించదగినది. ఇంపైన మంచి మాటకు కూడా వేళ ఉంది. తునికాకు కోత సాగుతున్న మే నెలలో తెల్లవారుజామునే అడవికి పోయే ఇంటికి ఫోన్ చేసి ఎంత మేలైన పథకం గురించి చెప్పినా అది వేళ తప్పిన మాటే. ఉత్తరాన్ని మంగళవారం ఉదయం పంపితే ఎక్కువమంది తెరుస్తారని లెక్క వేయడం ఒక పని. అందుకునేవారి పనిపాటలు ఎరిగి వాటికి అడ్డం రాకుండా పంపడం ఇంకో పని. రెండూ ఒకే గంటకు తేలవచ్చు, అయినా అవి వేరువేరు మనస్సుల నుంచి పుడతాయి.

భగవద్గీత పదిహేడో అధ్యాయం వాక్కుకు సంబంధించిన తపస్సును చెప్పేటప్పుడు సత్యానికీ ప్రియానికీ హితానికీ ముందు ఉద్వేగం కలిగించకపోవడాన్ని చెప్పింది. ఈ వరస ఈనాటి సబ్జెక్ట్ లైన్లకు నేరుగా తగులుతుంది. 'ఆఖరి అవకాశం', 'ఈ రాత్రితో సరి', 'మీ ఖాతాకు సంబంధించిన ముఖ్య సమాచారం' లాంటివన్నీ గుండె ఒక్కసారి దడదడలాడేలా చేసి వేలితో నొక్కించే మాటలు. గడువు నిజంగా ఉంటే చెప్పడం ధర్మం. లేని గడువును పుట్టించడం అబద్ధం. ఉన్న గడువునే భయపెట్టేలా చెప్పడం నిజమే అయినా తపస్సు కాదు. అది మనిషి వివేకాన్ని పక్కకు నెట్టి అతని భయంతో బేరమాడటం. జర్మన్ తత్వవేత్త కాంట్ మనిషిని ఎప్పుడూ సాధనంగా మాత్రమే చూడరాదన్నది కూడా ఇక్కడికే వస్తుంది. కొనమని అడగడంలో తప్పు లేదు. కొనాలా వద్దా అని ఆలోచించే శక్తినే అతని నుంచి లాక్కోవడంలో ఉంది.

ఒక ఊహ చేసి దగ్గరగా చూడవచ్చు. దోర్నపాల్ చుట్టుపక్కల ఇళ్లలో కొట్టి, గింజ తీసిన చింతపండును సంతలో కొని హైదరాబాద్, విజయవాడ ఇళ్లకు పంపే చిన్న సంఘం ఉందనుకుంటే, దానికి వెయ్యి మంది చందాదారులున్నారనుకుంటే, మార్చి నెలలో అది రాసే ఉత్తరం రెండు రకాలుగా ఉండవచ్చు. మొదటి రకంలో పైన ఎర్రక్షరాలతో గడువు, కింద అడవి అందాల వర్ణన, 'స్వచ్ఛమైన', 'అచ్చమైన' అన్న మాటలు నాలుగైదు, చివర బటన్. రెండో రకం ఇలా మొదలవుతుంది: ఈ ఏడు చింతపండు రంగు తగ్గింది, కొట్టే రోజుల్లో వాన పడి చెమ్మ తగిలింది. పులుసుకూ చారుకూ తేడా రాదు. ఏడాదికి సరిపడా పచ్చళ్లు పెట్టుకునేవారికి రంగు ముఖ్యం గనుక వాళ్లు ఈ విడత వదిలేయడం మంచిది. నిల్వ కోసం ఉప్పు కలిపిన రకం వేరే, కలపని రకం వేరే; ఏది కావాలో రాయండి. ఆ ఉత్తరం చదివి ఈసారి కొననివారు కూడా వచ్చే ఉత్తరాన్ని తెరుస్తారు. 'వదిలేయండి' అన్న ఒక్క మాట ఆ సంఘానికి అప్పటికి కొంత అమ్మకం పోగొడుతుంది. వాత్స్యాయనుడు నడుమ నిలబెట్టిన దయ కనిపించేది ఆ మాటలోనే. 'కలిపిన ఉప్పు పాళ్లెంత?' అని ఒకరు అడిగితే సంతలో స్వయంగా తూకం వేయించుకున్న మనిషి జవాబు రాయగలగాలి. అప్పుడే అది ఎరిగినవాడి మాట.

బస్తర్ సంతలకు తూకంతో ఒక పాత గాయం ఉంది. అడవిలో ఏరి, పగలగొట్టి తెచ్చిన సారపప్పుకు బదులు అంతే బరువు ఉప్పు ఇచ్చి పంపిన వ్యాపారుల సంగతి ఈ ప్రాంతం గురించి రాసిన దాదాపు అందరూ చెప్పారు. ఆ వ్యాపారులు గోండి నేర్చుకున్నారు, వరసలు కలిపి పిలిచారు, పండగలకు వచ్చారు. పైకి అది అచ్చంగా సంబంధమే. అందుకే తీయగా పలకరించడాన్ని సంబంధానికి సాక్ష్యంగా ఒప్పుకోలేము. మెయిల్ పైన చందాదారు పేరు సరిగ్గా పడినంత మాత్రాన, పుట్టినరోజుకు శుభాకాంక్షలు వచ్చినంత మాత్రాన ఏదీ రుజువు కాదు. ఎదుటివారికి తెలియనిది తనకు తెలిసినప్పుడు పంపేవాడు ఏం చేస్తాడన్నదే రుజువు. సారపప్పు ధర పట్నంలో ఎంతో ఆ వ్యాపారికి తెలుసు, తెచ్చిన మనిషికి తెలియదు.

ఇదే అసమానత ఈమెయిల్లో కంటికి కనిపించని రూపంలో ఉంది. చాలా మార్కెటింగ్ ఉత్తరాల్లో ఒకే ఒక్క చుక్కంత బొమ్మ దాగి ఉంటుంది. ఉత్తరం తెరవగానే ఆ చుక్క పంపినవారి సర్వర్ నుంచి వస్తుంది, అలా ఎవరు ఎన్నిసార్లు ఎప్పుడు తెరిచారో అక్కడ నమోదవుతుంది. చదివేవాడు చదువుతున్నాననుకుంటాడు, అతణ్ని చదువుతున్నారని అతనికి తెలియదు. 2021లో ఆపిల్ తన మెయిల్‌లో ఈ నిఘాను అడ్డుకునే ఏర్పాటు తేవడంతో ఎంతమంది తెరిచారో చెప్పే ఓపెన్ రేట్ అన్న లెక్కే నమ్మదగనిది అయింది. ఆ లెక్క పోయినందుకు వ్యాపారులు చాలా బాధపడ్డారు. పాఠకుడికి నచ్చిందో లేదో తెలుసుకోవడానికి అతణ్నే అడగవచ్చు, జవాబు రాసే దారి తెరిచి ఉంచితే.

ఆ చింతపండు సంఘం రాసే లాంటి ఉత్తరంలో ఇంకో మనిషి ఉంటుంది, ఆమె గురించి ఎవరూ అడగరు. చింతపండు కొట్టిన దోర్ల స్త్రీ ఫోటో, ఆమె గుడిసె, ఆమె నవ్వు. ఆ బొమ్మ వెయ్యి ఇళ్లకు వెళ్లడానికి ఆమె ఒప్పుకుందా? ఒప్పుకుంటే ఏ భాషలో అడిగారు, ఈమెయిల్ అంటే ఏమిటని చెప్పారు? చదివేవారి అనుమతి గురించి చట్టాలున్నాయి, నియమాలున్నాయి. ఎవరి గురించి రాస్తున్నారో వారి అనుమతి చాలాసార్లు సంతలో ఫోటో తీసినంత సేపట్లో తేలిపోతుంది. పంపేవారికీ చదివేవారికీ మధ్య ఎంత ఆత్మీయత పెరిగినా అది ఈ మూడో మనిషి పరువు మీద కట్టినదైతే ధర్మం తప్పినట్టే. ఆమె పేదరికం చూపించి అమ్మకం పెంచుకుంటే సారపప్పు తూకం మళ్లీ జరుగుతోంది. ఈసారి త్రాసులో పడింది ఆమె ముఖం. దీనికి తేలికైన పరిష్కారం ఉంది. ఆ ఉత్తరాన్ని ఆమె ఎదుట ఆమె భాషలో చదివి వినిపించవచ్చు. ఆమె విని తల ఊపితే పంపవచ్చు. సీజీనెట్ స్వరలో జనం తమ గురించి తామే చెప్పుకున్నారు గనుక అక్కడ ఈ చిక్కు పుట్టనే లేదు.

పిలవడం, ఉంచుకోవడం, వినడం, సాగనంపడం ఒకే వరసలో ఎలా జరగాలో బస్తర్ ప్రజలకు ఏటా కళ్లెదుట కనిపిస్తుంది. జగదల్‌పూర్‌లో 75 రోజులు సాగే బస్తర్ దసరా రావణుడి కథకు సంబంధించినది కాదు, దంతేశ్వరి అమ్మవారిది. బస్తర్ రాజవంశం ఓరుగల్లు కాకతీయుల నుంచి వచ్చిన అన్నమదేవుణ్ని తన మూలపురుషుడిగా చెప్పుకుంటుంది గనుక తెలుగువారికి ఈ పండగ మరీ పరాయిది కాదు. ఉత్సవపు ముఖ్య ఘట్టాలకు ముందు కాఛిన్ గాది జరుగుతుంది. మిర్గాన్ కులానికి చెందిన చిన్న బాలిక ముళ్ల ఊయల మీద కాఛిన్ దేవిగా ఆసీనురాలవుతుంది. పండగ జరుపుకోవడానికి రాజవంశీకులు ఆమె అనుమతి అడుగుతారు. కిందటేడు ఇచ్చిన అనుమతి ఈ ఏటికి చెల్లదు. రాజ్యం ఉన్న రోజుల్లో కూడా రాజు అట్టడుగు కులపు బిడ్డ ఎదుట నిలబడి అడిగాడు. ఆ తర్వాత దంతెవాడకు వెళ్లి అమ్మవారిని ఆహ్వానిస్తారు, వచ్చినప్పుడు ఎదురేగి తోడ్కొస్తారు. మురియా దర్బారులో ఊళ్ల పెద్దలు తమ గోడు చెబితే అధికారంలో ఉన్నవారు కూర్చుని వింటారు. కడపట, ఊరూరి నుంచి వచ్చిన దేవతలకు కుటుంబ జాత్రలో వీడ్కోలు, ఆ తర్వాత దంతేశ్వరికి వీడ్కోలు. సాగనంపకుండా పండగ ముగిసినట్టు కాదు.

తెలుగిళ్ల పూజల్లోనూ ఇదే క్రమం ఉంది. పసుపు ముద్దలోకి వినాయకుణ్ని ఆవాహన చేస్తారు, ఆసనం ఇస్తారు, ఉపచారాలు చేస్తారు, పూజ అయ్యాక ఉద్వాసన చెబుతారు. వాడుకలో ఉద్వాసన పలకడమంటే ఉద్యోగం నుంచి తీసేయడం అయి కూర్చుంది గానీ పూజలో అది గౌరవ వాచకం. 'వచ్చినందుకు సంతోషం, మళ్లీ రావాలి, ఇక నీ చోటుకు నువ్వు వెళ్లవచ్చు' అని దేవుడితోనే అనగలిగిన సంప్రదాయం ఇది. ఉండమని పట్టుకోవడం భక్తి అనిపించుకోదు. ఈమెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ లింకుకు ఇంత చరిత్ర ఉందని దాన్ని బూడిద రంగులో దాచేవారికి తెలియదు. లింకు నొక్కితే కారణాలు అడిగి, ఏడుపు ముఖం బొమ్మ పెట్టి, 'నిజంగానే వెళ్తారా' అని రెండోసారి అడిగే పేజీలు కోకొల్లలు. వచ్చినప్పుడు ఒక్క నొక్కుతో రానిచ్చి, పోయేటప్పుడు ఐదు గడపలు దాటించడం పూజ పద్ధతి కాదు.

చట్టాలు ఈ విషయంలో మెల్లగా ధర్మం వెంట నడుస్తున్నాయి. భారతదేశంలో అక్కర్లేని ఫోన్లను, ఎస్సెమ్మెస్‌లను ఆపుకోవడానికి 2007లో నమోదు పద్ధతి మొదలైంది. ఇప్పుడు 1909కి చెబితే సరిపోతుంది. 2024లో జీమెయిల్, యాహూ పెద్ద మొత్తంలో పంపేవారికి ఒక్క నొక్కుతో బయటపడే ఏర్పాటును తప్పనిసరి చేశాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000 మించి పంపేవారు ఆ కోరికను రెండు రోజుల్లో మన్నించాలి, ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలి. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని అందులో రాసుంది. సమ్మతి అడిగే మాట సులభంగా ఉండాలని, దాన్ని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా గానీ చదువుకునే వీలుండాలని కూడా చెప్పింది.

ఆ షెడ్యూలులో 22 భాషలున్నాయి. తెలుగు ఉంది. 2003 నాటి సవరణతో చేరిన సంతాలీ, బోడో ఉన్నాయి. గోండి లేదు. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది తమ మాతృభాష గోండి అని చెప్పారు. దోర్నపాల్ సంతకు చింతపండు తెచ్చే మనిషి ఫోన్ కొనుక్కుని సిమ్ వేయించుకుంటే, ఆమె సమ్మతిని ఆమెకు అర్థమయ్యే భాషలో అడగాలన్న బాధ్యత చట్టం ప్రకారం ఎవరి మీదా లేదు. తెలియని భాషలో 'సరే' అని నొక్కిన వేలికి ఒప్పుకోలు అంటగట్టడం కుదరదు. 1910లో మామిడి కొమ్మను నడిపించినవారు ఈ పాటి సంగతి చట్టం అవసరం లేకుండానే గ్రహించారు. చట్టం అడగకపోయినా దోర్లలకు సందేశం పంపే బ్యాంకు గానీ మొబైల్ కంపెనీ గానీ అటవీ ఉత్పత్తుల సంఘం గానీ గొంతుతో, వాళ్ల మాటలో, వద్దంటే ఏ మీట నొక్కాలో ముందుగా చెప్పి అడగగలదు. సాంకేతికంగా అందులో కష్టమేమీ లేదని మిస్డ్ కాల్‌తో నడిచిన సేవ చాలా ఏళ్ల కిందటే చూపించింది.

వెళ్లిపోతామన్నవారి విషయంలో ఒక చిన్న పని మిగులుతుంది. జాబితా నుంచి పేరు తీసేస్తే సరిపోదు. రేపు అదే చిరునామా ఇంకో దారిన జాబితాలోకి వచ్చి పడితే ఉత్తరం మళ్లీ వెళ్లిపోతుంది. అందుకని శ్రద్ధగా పంపేవారు వద్దన్నవారి చిరునామాలను విడిగా ఒక పట్టీలో పెట్టుకుంటారు. ప్రతిసారీ పంపే ముందు ఆ పట్టీతో సరిచూస్తారు. అందులో ఉన్నవారి పేరు, కొన్న సరుకు, తెరిచిన వేళలు ఏవీ ఉంచుకోనక్కర్లేదు, చిరునామా ఒక్కటి చాలు. ఆ ఒక్కటీ ఇంక దేనికీ వాడరు. వాళ్లంతట వాళ్లు మళ్లీ వచ్చి రాయించుకున్న రోజున దాన్ని పట్టీలోంచి తీసి, మొదటి ఉత్తరం దగ్గర నుంచి మొదలుపెడతారు.